పెద్ద వయసులో పవర్ ఆఫ్ అటార్నీ: నమ్మదగిన ఏజెంటును ఎంచుకోవడం, కాగితం పకడ్బందీగా రాయించుకోవడం

మోకాళ్లు సహకరించక బ్యాంకుకు వెళ్లలేకపోతున్నాం, పాత ఇల్లు అద్దెకివ్వాలి, కోర్టు వాయిదాలకు తిరగలేం, పిల్లలు దూరాన ఉన్నారు, పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున పనులు చేయడానికి ఏజెంటుగా ఒకరికి అధికారం రాసిచ్చే పత్రం) ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి అని అరవై దాటిన పాఠకులు తరచూ అడుగుతున్నారు. వారికోసం, వారి పిల్లలకోసం, భారతీయ చట్టం ప్రకారం ఏది ముందు ఏది తరువాత చేయాలో ఇక్కడ రాస్తున్నాం. వయసు మళ్లినవారి ఆస్తులు చేజారిన సందర్భాల్లో ఎక్కువగా కనిపించేది దొంగ సంతకం కాదు. చదవకుండా పెట్టిన అసలు సంతకం. అందుకే ఏజెంటు ఎంపికకూ, పత్రంలోని షరతులకూ ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

1. అసలు పవర్ అవసరమా?

చాలా పనులకు అక్కర్లేదు. అధికారం ఇచ్చే ముందు ఈ దారులు చూడండి.

- పింఛను లైఫ్ సర్టిఫికెట్: జీవన్ ప్రమాణ్ ద్వారా ఇంట్లోనే, ఫోనులో ముఖ గుర్తింపుతో ఇవ్వవచ్చు. మీరు బతికి ఉన్నారని మీ బదులు ఏజెంటు రుజువు చేయలేడు, కాబట్టి దీనికి పవర్ పనికిరాదు కూడా.
- చేయి వణికి సంతకం కుదరకపోతే: బ్యాంకులో వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి.
- ఒక్క ఖాతా నడపడానికి మనిషి కావాలంటే: బ్యాంకుకే పరిమితమైన మ్యాండేట్ లేఖ సరిపోతుంది.
- నెలవారీ ఇంటి ఖర్చుకు: చిన్న మొత్తం ఉండే జాయింటు ఖాతా చాలు. పొదుపంతా అందులో వేయవద్దు. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో రెండోవారు మొత్తం తీసేసినా బ్యాంకు అడ్డుపడదు.

అద్దెలు వసూలు చేయడం, పన్నులు కట్టడం, కోర్టులో హాజరు కావడం, వేరే ఊళ్లో రిజిస్ట్రేషన్‌కు వెళ్లడం వంటివి మిగిలితే పవర్ ఆలోచించండి.

2. స్పెషలా, జనరలా?

స్పెషల్ పవర్ ఒక పనికి, లేదా పేరు పెట్టి చెప్పిన కొన్ని పనులకు. జనరల్ పవర్, అంటే జీపీఏ, విస్తృతమైన అధికారం. పని ఒకటే అయితే స్పెషల్ రాయించండి. ‘ఎందుకైనా మంచిది, జనరల్ రాసేద్దాం’ అన్న సలహా ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు. ఇవ్వని అధికారాన్ని రేపు ఇంకో పత్రంతో ఇవ్వవచ్చు. ఇచ్చినదాన్ని ఇప్పటికే వాడేసి ఉంటే వెనక్కి రప్పించడం కష్టం.

ఒక కాగితం మీద ‘చేయాలి’, ‘చేయకూడదు’ అని రెండు వరుసలు గీయండి. వకీలు దగ్గరికి వెళ్లేముందే, ఎవరూ పక్కన లేనప్పుడు, మీరే నింపండి. పత్రానికి అసలు చిత్తు అదే.

3. మతి స్థిమితంగా ఉన్నప్పుడే

దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. ‘రేపు నాకు మతిమరుపు ముదిరితే పనికొస్తుందని అబ్బాయికి జీపీఏ ఇచ్చాను’ అంటారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చినవారు మరణించినా, వారి మతి స్థిమితం తప్పినా ఏజెన్సీ, అంటే ఏజెంటుకిచ్చిన అధికారం, ముగుస్తుంది. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా చెల్లుబాటయ్యే పవర్లు ఉన్నాయి. ఇక్కడి మామూలు జీపీఏకి ఆ బలం లేదు. డిమెన్షియా ముదిరిన తల్లి పేరున పాత జీపీఏ చూపించి ఇల్లు అమ్మితే ఆ అమ్మకం కోర్టులో నిలవడం కష్టం.

కనుక ఆ దశకు వేరే ఏర్పాట్లు ముందే చేసుకోవాలి.

- వైద్య నిర్ణయాలు: ప్రాణాధార చికిత్స ఎంతవరకు కావాలో ముందుగా రాసిపెట్టే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తీసుకోవాలి. మీ తరఫున మాట్లాడవలసిన వారి పేర్లు అందులోనే రాయాలి.
- మానసిక చికిత్స: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 14వ సెక్షన్ కింద తెల్లకాగితం మీదే సంతకంతోనో వేలిముద్రతోనో ప్రతినిధిని నామినేట్ చేసుకోవచ్చు.
- ఆస్తి నిర్వహణ: ఆస్తి పెద్దదైతే ప్రైవేటు ట్రస్టు గురించి వకీలును అడగండి. స్థిరాస్తిని ట్రస్టులో పెడితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.
- ఏ ఏర్పాటూ లేకుండానే మతి తప్పితే కుటుంబం కోర్టు ద్వారా సంరక్షకుణ్ని నియమింపజేసుకోవాలి. రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులు ఇలాంటి నియామకాలు చేస్తున్నాయి. అయితే దానికి సమయమూ ఖర్చూ ఎక్కువ.

జ్ఞాపకశక్తి కాస్త తగ్గినంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. చేస్తున్నదేమిటో, దానివల్ల తనకు కలిగే లాభనష్టాలేమిటో ఆ సమయానికి అర్థం చేసుకోగలిగితే చాలు. అనుమానానికి తావుంటే సంతకం రోజునో, ముందు రోజో వైద్యుడి దగ్గర మానసిక స్థితిపై సర్టిఫికెట్ తీసుకుని పత్రంతో భద్రపరచండి.

4. ఏజెంటు ఎంపిక

ప్రేమగా ఉండే మనిషి, లెక్క చెప్పే మనిషి ఒకరే కానక్కర్లేదు. కంటికి రెప్పలా చూసుకునే కొడుకు డబ్బు విషయంలో చేతగానివాడు కావచ్చు. పెద్దగా కబుర్లు చెప్పని మేనకోడలు ప్రతి రసీదూ దాచే మనిషి కావచ్చు. ఏజెంటుగా కావలసింది రెండోవారు. ‘పెద్దకొడుకుండగా కూతురికి ఇవ్వడమేమిటి’ అన్న మాటకు ఇక్కడ విలువ ఇవ్వకండి. ఇది వారసత్వం కాదు, బాధ్యత.

ముగ్గురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ ఈ ప్రశ్నలతో తూచండి.

- అప్పుల్లో ఉన్నారా? వ్యాపారం దెబ్బతిన్నదా? చిట్టీలు, షేర్లు, ఆన్‌లైన్ పందాలు, తాగుడు ఏమైనా ఉన్నాయా? మంచివాడైనా సరే, అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు చేతిలోని పరాయి డబ్బు ‘నెలలో తిరిగి వేసేస్తా’ అనిపిస్తుంది. మోసాలు ఎక్కువగా ఇలానే మొదలవుతాయి. ఈ ఒక్క ప్రశ్నలో తప్పినవారిని మిగతావి చూడకుండానే పక్కన పెట్టండి.
- ఇంతకుముందు ఇతరుల డబ్బు చూశారా? అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు, పెళ్లి ఖర్చులు, గుడి చందాలు, ఏవైనా సరే. అప్పుడు లెక్క అడక్కముందే చెప్పారా, అడిగాక చెప్పారా, అడిగితే అలిగారా?
- మీరు ‘వద్దు’ అన్న సందర్భం ఒకటి గుర్తు తెచ్చుకోండి. మీ మాట ఆగిందా, వారి మాట నెగ్గిందా?
- మీ ఆస్తిలో వారికి సొంత ప్రయోజనం ఉందా? మీ ఇంటిని కొనాలనుకునేవారికీ, మీ స్థలం పక్క స్థలం వారికీ, మీకు బాకీ ఉన్నవారికీ పవర్ ఇవ్వవద్దు.
- పని జరిగే చోటికి వెళ్లగలరా? విదేశంలో ఉన్న బిడ్డ అద్దె ఇంటి మరమ్మతులు చూడలేరు. అలాంటప్పుడు దగ్గరివారిని ఏజెంటుగా, దూరపు బిడ్డను లెక్కలు చూసే మనిషిగా పెట్టుకోండి.
- వయసు, ఆరోగ్యం? డెబ్బై అయిదేళ్ల మీరు డెబ్బై రెండేళ్ల తమ్ముడికి ఇస్తే, ప్రత్యామ్నాయ ఏజెంటు పేరు కూడా తప్పనిసరి.

కేర్‌టేకర్‌కూ, ఇంట్లో పనిచేసేవారికీ, ఈమధ్యే పరిచయమై ‘అమ్మా, నాన్నా’ అంటూ దగ్గరైనవారికీ పవర్ ఇవ్వకండి. వారిలో మంచివారు లేరని కాదు. రోజువారీ సంరక్షణ, డబ్బుమీద అధికారం రెండూ ఒకే చేతిలో ఉంటే ‘ఈ లెక్క ఏమిటి’ అని అడగడానికే మీకు భయం వేస్తుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. పవర్ రాయకముందు రెండు మూడు నెలలు చిన్న పనులు అప్పగించండి: కరెంటు బిల్లు, ఇంటిపన్ను, మందులు. కొంత డబ్బు ఇచ్చి, నెలాఖరుకు బిల్లులతో లెక్క అడగండి. మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు. లెక్క ఎలా వచ్చిందో చూడండి.

5. ఒకరా, ఇద్దరా?

ఇద్దరిని పెడితే పత్రంలో ‘ఇద్దరూ కలిసి’ అని రాయాలా, ‘ఎవరో ఒకరు’ అని రాయాలా స్పష్టంగా ఉండాలి. ‘ఇద్దరూ కలిసి’ అంటే భద్రత ఎక్కువ, కానీ ఒకరు ఊళ్లో లేకపోతే పని ఆగుతుంది. ‘ఎవరో ఒకరు’ అంటే సౌకర్యం, కానీ ఒకరి తప్పు రెండోవారికి తెలియకపోవచ్చు. చిన్నవాటికి ఒకరు చాలని, మీరు నిర్ణయించిన మొత్తం దాటితే ఇద్దరి సంతకాలూ ఉండాలని రాయించడం మాకు నచ్చిన పద్ధతి. మాటలు లేని అన్నదమ్ములను మాత్రం ఒకే పత్రంలో కట్టేయకండి.

6. పత్రంలో ఏం రాయాలి?

దస్తావేజు లేఖరుల దగ్గర అచ్చు నమూనాలు ఉంటాయి. వాటిలో అమ్మకం, తాకట్టు, దానం అన్నీ ఒకే పేరాలో దొర్లిపోతాయి. ఆ నమూనా మీద సంతకం చేయవద్దు. కోర్టులు పవర్ పత్రాన్ని అక్షరాల ప్రకారం, బిగించి చదువుతాయి, రాయని అధికారం ఉన్నట్టు తీసుకోవు. ఈ సూత్రం మీకు రక్షణ కావాలంటే పత్రంలో అక్కర్లేని అధికారం ఒక్కటీ ఉండకూడదు.

ఇవ్వవలసినవి పేరు పెట్టి రాయండి: ఫలానా సర్వే నంబరు లేదా ఇంటి నంబరు గల ఆస్తి అద్దె వసూలు, ఫలానా శాఖలో ఫలానా ఖాతా, ఫలానా నంబరు కేసు.

నిషేధాలను విడిగా, ఇలాంటి వాక్యంతో రాయించండి:

‘నా స్థిరాస్తులను అమ్మడానికి, అమ్మకపు ఒప్పందం చేయడానికి, తాకట్టు పెట్టడానికి, దానమివ్వడానికి, హక్కు విడుదల చేయడానికి, నా పేరున అప్పు తేవడానికి, ఇతరులకు హామీ ఉండడానికి, నా డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేయడానికి, నామినీలను మార్చడానికి, బ్యాంకులో నా ఫోను నంబరు మార్చడానికి ఈ పత్రం ద్వారా ఏజెంటుకు అధికారం లేదు.’

ఫోను నంబరు మాట చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తే ఖాతా వారి చేతిలో ఉన్నట్టే.

ఇంకా ఉండవలసిన షరతులు:

- గడువు: ఒక ఏడాది, లేదా పని పూర్తయ్యేవరకు, ఏది ముందైతే అది. అవసరమైతే కొత్తది రాసుకోవచ్చు.
- లెక్కలు: ప్రతి మూడు నెలలకు రాతపూర్వకంగా. అడిగినప్పుడు లెక్క చెప్పడం కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం ఏజెంటు విధి. మీరు రాసే షరతు దానికి తేదీ పెడుతుంది.
- లెక్కలు చూసే మనిషి: ఏజెంటు కాని ఒక వ్యక్తికి ప్రతి లెక్క నకలూ చేరాలి. మీరు ఆసుపత్రిలో ఉన్నా అడిగేవారొకరు ఉంటారు.
- వసూలైన డబ్బు నేరుగా మీ ఖాతాలో పడాలి, ఏజెంటు సొంత ఖాతాలో వేయకూడదు.
- ఏజెంటు మీతో తానే కొనుగోలు, అమ్మకం చేయకూడదు.
- అధికారాన్ని ఇంకొకరికి బదలాయించకూడదు.
- ప్రతిఫలం: ఇస్తే ఎంతో రాయండి, ఇవ్వకపోతే ఇవ్వడం లేదని రాయండి. ‘చేసిన సేవకు తీసుకున్నాను’ అనే వాదనకు తావుండదు.

‘రద్దు చేయడానికి వీల్లేనిది’ అనే మాటగానీ, ‘ప్రతిఫలం ముట్టినందున’ అనే మాటగానీ పత్రంలో కనిపిస్తే అక్కడే ఆగండి. ఆ ఆస్తిలో ఏజెంటుకే ప్రయోజనం ఉందని తేలితే అదే చట్టం 202వ సెక్షన్ వల్ల రద్దు చేసే హక్కు మీకు పోవచ్చు.

ఏజెంటు మీ తరఫున వీలునామా రాయలేడు. అది మీరే రాయాలి. పవర్‌లో వీలునామా ఊసు ఉంటే ఆ లేఖరిని మార్చండి.

7. సంతకం, ధ్రువీకరణ

1. చిత్తు ప్రతిని మీకు చదవడం వచ్చిన భాషలో తయారు చేయించండి. తెలుగు చదివేవారికి ఇంగ్లీషు పత్రం ఎందుకు?
2. కనీసం రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, ‘చేయాలి, చేయకూడదు’ కాగితంతో పోల్చండి.
3. ఏజెంటు తెచ్చిన వకీలును కాక మీరు ఎంచుకున్న వకీలును, ఏజెంటు గదిలో లేనప్పుడు సంప్రదించండి.
4. స్టాంపు సుంకం పత్రంలోని అధికారాలను బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చిత్తు చూపించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అడగండి.
5. ప్రతి పేజీ మీద సంతకం. ఖాళీ గడులు కొట్టేయండి. ఖాళీ స్టాంపు కాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ సంతకం వద్దు.
6. ఆస్తిలో ప్రయోజనం లేని ఇద్దరిని సాక్షులుగా పెట్టండి.
7. మీ తరఫున దస్తావేజులు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలంటే నోటరీ ముద్ర చాలదు. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 33వ సెక్షన్ ప్రకారం, మీరు ఉండే ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి.
8. మంచం మీద ఉంటే ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు. వైద్యుడి సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేస్తే అధికారి ఇంటికి రావడానికి అదే సెక్షన్ వీలు కల్పిస్తుంది.

విదేశంలో ఉన్నవారు అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసి పంపవచ్చు. పత్రం భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. ఈ గడువు తప్పడం మామూలుగా జరిగే పొరపాటు, కవరు మీది తేదీ భద్రపరచండి.

అసలు పత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఏజెంటుకు సర్టిఫైడ్ కాపీ ఇవ్వండి. ఏ ఆఫీసైనా అసలు అడిగితే ఆ పూటకు ఇచ్చి, తిరిగి తీసుకోండి.

8. ఇచ్చాక చూడవలసినవి

- బ్యాంకు ఎస్ఎంఎస్‌లు మీ ఫోనుకే రావాలి.
- ఏటీఎం కార్డు, పిన్, చెక్‌బుక్ ఏజెంటుకు ఇవ్వవద్దు.
- ఆరు నెలలకోసారి ఆస్తి ఈసీ (ఆ ఆస్తిమీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి. మీకు తెలియని లావాదేవీ నమోదై ఉంటే అందులో బయటపడుతుంది.
- లెక్క ఒక గడువు దాటితే గుర్తు చేయండి. రెండో గడువు కూడా దాటితే అధికారం నిలిపేయండి.

ప్రమాద సూచనలు కొన్ని ముందుగానే కనిపిస్తాయి. మీ ఉత్తరాలు వేరే చిరునామాకు వెళ్లడం, మిగతా పిల్లలను ఏజెంటు మీకు దూరం పెట్టడం, ‘ఊరికే సంతకం, చదవక్కర్లేదు నాన్నా’ అనే మాట, కొత్త నామినేషన్ ఫారాలు. వీటిలో ఒక్కటి కనిపించినా లెక్క అడగండి.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

జీపీఏ ద్వారా ఇల్లు అమ్మినట్టు లేదా కొన్నట్టు భావించడం. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. జీపీఏ, అమ్మకపు ఒప్పందం, వీలునామా కలిపి ఇచ్చినా యాజమాన్యం మారదు, రిజిస్టర్డ్ అమ్మకపు దస్తావేజు కావాలి.

పవర్ అని చెప్పి గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజు (ఆస్తిని ఉచితంగా రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టించడం. పత్రం పేరును మొదటి పేజీలో మీరే చదవండి. మోసంతో లేదా ఒత్తిడితో తీసుకున్న పత్రాన్ని రద్దు చేయమని సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. విషయం తెలిసిన నాటినుంచి మూడేళ్లు గడువు. వయసు, అనారోగ్యం వల్ల మనసు బలహీనపడిన వారిపై ప్రాబల్యం చూపడాన్ని కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ ప్రత్యేకంగా గుర్తిస్తుంది.

చూసుకుంటారని నమ్మి ఆస్తి రాసివ్వడం. తప్పనిసరై రాయవలసి వస్తే ‘నా పోషణ, అవసరాలు చూడాలి’ అనే షరతు దస్తావేజులోనే ఉండాలి. అప్పుడు, చూడకపోతే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ కింద ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు.

10. రద్దు చేయడం

కారణం చెప్పనక్కర్లేదు. అయితే రద్దు మాట ఏజెంటుకు తెలిసినప్పుడు అతనికి, బయటివారికి తెలిసినప్పుడు వారికి అమల్లోకి వస్తుందని కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ చెబుతోంది. మీ బీరువాలో ఉన్న రద్దు కాగితం ఎవరినీ ఆపదు. వరుస ఇది:

1. రద్దు దస్తావేజు రాయించండి. అసలు పవర్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైనదైతే, రద్దునూ అక్కడే నమోదు చేయించండి.
2. అదే రోజు బ్యాంకు శాఖలకు స్వయంగా లేఖ ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఆలస్యమైతే ముందుగా నష్టం జరిగేది ఇక్కడే.
3. ఏజెంటుకు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్టు పంపండి. చేతిలోని కాపీలు, తాళాలు, కాగితాలు, లెక్కలు ఫలానా తేదీలోగా అప్పగించమని అందులోనే రాయండి.
4. అద్దెదారులకు, కోర్టులోని మీ వకీలుకు, అపార్ట్‌మెంటు సంఘానికి లేఖలు.
5. ఆస్తి అమ్మే ప్రమాదం ఉంటే ఆ ప్రాంతంలో చదివే పత్రికలో ప్రకటన.
6. పిన్‌లు, పాస్‌వర్డులు మార్చండి. మళ్లీ ఈసీ తీయించండి.

లెక్క ఇవ్వకపోతే సివిల్ దావా వేయవచ్చు. మీ డబ్బు సొంతానికి వాడుకున్నట్టు ఆధారముంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఫిర్యాదు పోలీసులకు ఇవ్వవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. మాట్లాడేటప్పుడు పత్రం నంబరు, తేదీ, ఏజెంటు పేరు, చివరిగా లెక్క అందిన తేదీ పక్కన రాసి పెట్టుకోండి.